తీపి పిలుపు, కారపు మాట
ఆంగ్లంలో ఆహార పదాలు, వాటి ఆప్యాయ ప్రయోగాలు

గుంటూరు మిరప యార్డు ఆసియాలోని పెద్ద మిరప విపణులలో ఒకటి. కోతల కాలంలో పల్నాడు, ప్రకాశం నల్లరేగడి పొలాల నుంచి ఎర్రని టిక్కీలు అక్కడికి వచ్చి చేరుతుంటే, ఆ దారిన పోయేవారికి ఘాటుతో తుమ్ములు తప్పవు. ఇంతటి మిరప సీమలో పుట్టి పెరిగిన విద్యార్థికి కారమంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. కాని అతడే ఆంగ్ల వాచకం తెరిచినపుడు ఒక చిక్కు ఎదురవుతుంది. కారానికి అక్కడ ‘హాట్’ అన్న మాట కనిపిస్తుంది. మరుగుతున్న నీటికీ అదే మాట. రసం ‘హాట్’గా ఉన్నదంటే కారంగా ఉన్నదా, వేడిగా ఉన్నదా?

మరికొన్ని పుటలు తిప్పితే ఇంకొక చిక్కు. ఒక తల్లి తన కుమారుని ‘హనీ’ అని పిలుస్తుంది. నిఘంటువులో హనీ అంటే తేనె. విద్యార్థి దానిని “తేనె, ఇటు రా” అని అనువదించి, తరగతి అంతా నవ్వితే సిగ్గుపడి కూర్చుంటాడు. అతని నిఘంటువు తప్పు చెప్పలేదు, అతడు తప్పు చదవలేదు. మరి లోపం ఎక్కడ ఉన్నది?

మాటకు అర్థంతోపాటు ఒక స్థానం కూడా ఉంటుంది. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటారన్నదే ఆ స్థానం. ఆహార పదాలు నిత్యం నోట నలిగేవి కనుక, ఈ స్థానభేదం వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది.

మంట అన్న మాట వట్టి అలంకారమా?

తెలుగులో వేడి వేరు, కారం వేరు. అయినా పచ్చిమిరపకాయ కొరికినవాడు “నోరు మండిపోతున్నది” అనే అంటాడు. అంటే విశేషణాలలో వేరుపడిన రెండు భాషలూ క్రియ దగ్గర కలుసుకుంటున్నాయి. ఇది కేవలం కవుల ఊహ కాదు. దీనికి శరీరశాస్త్రంలో ఆధారం ఉన్నది.

మిరపకాయలో మంటకు కారణమైన ముఖ్య పదార్థం కాప్సైసిన్. ఇది గింజలలో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గింజలు అంటుకొని ఉండే తెల్లని పొరలోనే ఇది ఎక్కువగా ఉంటుంది. మిరప ఘాటును కొలిచే పద్ధతిని అమెరికా ఔషధ శాస్త్రజ్ఞుడు విల్బర్ స్కోవిల్ 1912లో రూపొందించాడు. అయితే ఈ పదార్థం నాలుకను ఎలా మండిస్తుందో తెలియడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు పట్టింది. 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం నరాల కొసలలో కాప్సైసిన్‌ను గుర్తించే గ్రాహకాన్ని కనుగొన్నది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ మించిన వేడి తగిలినా ఇదే గ్రాహకం తెరుచుకుంటుంది. అనగా మిరపకాయ తిన్నప్పుడు మెదడుకు చేరే సమాచారం నిప్పు తగిలినపుడు చేరే సమాచారం వంటిదే. ఈ కృషికి జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో ఆయన ఆ బహుమతిని పంచుకున్నాడు.

కనుక ఆంగ్లేయుని ‘హాట్’, తెలుగువాని ‘మంట’ ఒకే అనుభవానికి రెండు పేర్లు. కాప్సైసిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చెంబెడు నీళ్ళు తాగినా తగ్గని మంట పెరుగన్నంతో తగ్గుతుంది. ఆవకాయ అన్నంలో నెయ్యి, ముద్దపప్పు కలుపుకొనే అలవాటు వెనుక ఉన్న రహస్యం కూడా ఇదే.

మిరప పేరులోనూ రెండు భాషలు ఒకే దారి నడిచాయి. మిరప అమెరికా ఖండానికి చెందిన మొక్క. పోర్చుగీసుల రాకతో పదహారవ శతాబ్దంలో అది మన దేశానికి చేరింది. అంతకుముందు ఇక్కడి వంటలకు ఘాటునిచ్చినవి మిరియాలు, పిప్పళ్ళు. కొత్త కాయ వచ్చినపుడు తెలుగువారు మిరియాన్ని తలపించే ‘మిరప’ అన్న పేరుతో దానిని పిలిచారు. ఆంగ్లేయులు మిరియాల పేరైన ‘పెప్పర్’నే దీనికీ వాడారు. ఆ పెప్పర్ అన్న మాట మన ‘పిప్పలి’ నుంచి గ్రీకు, లాటిన్ భాషల మీదుగా వెళ్ళినదే. ‘చిల్లీ’ అన్న మాట మాత్రం మెక్సికో ప్రాచీన భాష నావాట్ల్ నుంచి వచ్చింది.

తీపి మాటకు మూలం

ఇక హనీ సంగతి. పుట్టిన కొద్ది గంటల శిశువు నాలుకపై తీపి చుక్క వేస్తే ముఖం విప్పారుతుంది. చేదు చుక్క వేస్తే ముడుచుకుంటుంది. తల్లిపాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉన్నందున పాలు తియ్యగా ఉంటాయి. మనిషికి మొదటి ఆకలి తీరినదీ, మొదటి ఒడి దొరికినదీ ఈ తీపితోనే. ప్రేమకు తీపిని గుర్తుగా ఎన్నో భాషలు ఎంచుకోవడంలో అందుచేత ఆశ్చర్యం లేదు.

ఆంగ్లంలో ‘స్వీట్‌హార్ట్’ అన్న పిలుపు పదమూడవ శతాబ్దం నాటికే ఉన్నది. ‘హనీ’ అన్న పిలుపు పధ్నాలుగవ శతాబ్దంలో, అంటే కవి చాసర్ కాలంలో, వాడుకలో ఉన్నది. ‘షుగర్’ అని పిలవడం మాత్రం ఇరవయ్యవ శతాబ్దపు అలవాటు. బ్రిటన్‌లో ‘స్వీటీ’ అంటే పిల్లలు చప్పరించే మిఠాయి, ముద్దుల బిడ్డ కూడా. అమెరికాలో పిల్లలను ‘పంప్‌కిన్’ అనీ, ‘పీనట్’ అనీ ముద్దుగా పిలుస్తారు. మొదటిది గుమ్మడికాయ, రెండవది వేరుసెనగ. ఫ్రెంచివారు ఇంకా ముందుకు పోయి ‘నా చిన్ని క్యాబేజీ’ అంటారు.

వీటిని ఉన్నవి ఉన్నట్లు తెలుగులోకి దింపితే ఏమవుతుంది? ఒక బాలికను “గుమ్మడికాయా” అంటే లావుగా ఉన్నావని వెక్కిరించినట్లవుతుంది. ‘ముద్దపప్పు’ అంటే మందబుద్ధి అని. ‘మిరపకాయ’ అంటే చురుకైన పిల్ల అనో, ముక్కు మీద కోపం గలదనో అర్థం. అన్నీ తినే వస్తువులే, కాని ఒక్కొక్కటి ఒక్కొక్క చోట నిలిచింది.

తెలుగువారు ఏమంటారు?

తెలుగులో ఆహారంతో ఆప్యాయత లేకపోలేదు. బిడ్డను ‘పండు’ అనీ, ‘జున్ను’ అనీ పిలుచుకొనే ఇళ్ళు ఉన్నాయి. పసిపిల్లవి పాలబుగ్గలు, బూరెబుగ్గలు. మెత్తనివాడు వెన్నముద్ద. అయినా తెలుగువారి ముద్దుపిలుపులలో పెద్ద వరుస వంటింటిది కాదు, బంధుత్వానిది. తండ్రి కొడుకును ‘నాన్నా’ అంటాడు. తల్లి కూతురిని ‘అమ్మా’ అంటుంది. ‘నా తల్లే’, ‘మా అయ్యే’, ‘బంగారు తండ్రీ’ అన్నవి పెద్దలు పిన్నలను పిలిచే పిలుపులు. ఉపాధ్యాయుడు కూడా విద్యార్థినిని “ఏమ్మా, పాఠం వచ్చినదా?” అని అడుగుతాడు.

దీనిని ఆంగ్లంలో పెట్టి చూడండి. అయిదేళ్ళ బాలుని తండ్రి ‘ఫాదర్’ అని పిలిచినట్లవుతుంది! ఆంగ్లేయుడు వినగానే తెల్లబోతాడు. “తేనె, ఇటు రా” అన్నపుడు మనం నవ్విన నవ్వే ఇప్పుడు అతడు నవ్వుతాడు. ఆప్యాయత రెండుచోట్లా ఒక్కటే. తెలుగు పిలుపు ఎక్కువగా చుట్టరికం దారిన వస్తుంది. ఆంగ్ల పిలుపు ఎక్కువగా తీపి దారిన వస్తుంది. అందుచేత ‘హనీ’కి సరైన తెలుగు తేనె కాదు, సందర్భాన్నిబట్టి ‘నాన్నా’, ‘అమ్మలూ’, ‘బంగారూ’.

ఇటువంటిదే ఇంకొక మాట ‘యాపిల్ ఆఫ్ ది ఐ’. దీనిని కంటి యాపిల్ అనుకోరాదు. పూర్వపు ఆంగ్లేయులు కంటి నడుమనున్న నల్లని గుండ్రని భాగాన్ని యాపిల్ అన్నారు. కన్నంత అపురూపమైన బిడ్డను ఆ పేరుతోనే పిలిచారు. తెలుగులో దీనికి సరిజోడు ఏనాటి నుంచో ఉన్నది: కంటిపాప! కంటి నడిమి భాగానికి శాస్త్రగ్రంథాలలో వాడే ‘ప్యూపిల్’ అన్న మాట కూడా చిన్న బొమ్మ, చిన్న బాలిక అనే అర్థం గల లాటిన్ పదం నుంచి వచ్చినదే. ఎదుటివారి కంటిలోకి చూస్తే అక్కడ ఒక చిన్న ప్రతిబింబం కనిపిస్తుంది. ఆ బొమ్మను చూచి లాటిన్‌వారూ తెలుగువారూ ఒకే పేరు పెట్టారు.

చల్లని దీవెన, వెచ్చని స్వాగతం

ఆంగ్లంలో ‘వార్మ్’ అంటే వెచ్చనిది. ప్రేమగల మనసు వెచ్చనిది, ఆదరమైన స్వాగతం వెచ్చనిది. ‘కోల్డ్’ అంటే నిరాదరణ. తెలుగులో ‘వెచ్చని ఒడి’ వంటి మాటలు ఉన్నా, దీవెన మాత్రం “చల్లగా ఉండు నాయనా” అన్నదే. ఉపకారం చేసినవారిని “మీ కడుపు చల్లగా” అంటారు. రెంటచింతల ఎండలు ఎరిగిన సీమలో చల్లదనం వరంగా తోచడం సహజం. మంచు కురిసే దేశంలో వెచ్చదనం వరమవుతుంది. కారణం వాతావరణం ఒక్కటే కాకపోవచ్చు. కాని ఆంగ్ల లేఖలో ‘వార్మ్’ అన్న చోట తెలుగులో ‘చల్లని’ అన్నదే తరచు తగిన మాట అవుతుంది.

మన ఇంటి నుంచి వెళ్ళిన మాటలు

ఆంగ్ల ఆహార పదాలన్నీ పరాయివని భయపడనక్కరలేదు. ‘షుగర్’ సంస్కృత ‘శర్కర’ నుంచి పారశీకం, అరబ్బీ, లాటిన్, ఫ్రెంచి భాషల మీదుగా ఆంగ్లానికి చేరింది. మన ‘చక్కెర’ కూడా ఆ శర్కర బిడ్డే. ‘క్యాండీ’ మన ‘ఖండ’ శబ్దం. కలకండలో వినిపించేదీ అదే. ప్రత్తి పండే ఈ సీమ విద్యార్థి గుర్తుంచుకోదగిన మాట ‘కాటన్ క్యాండీ’. అది తిరునాళ్ళలో అమ్మే పీచుమిఠాయి. ‘మ్యాంగో’, ‘కర్రీ’ అన్నవి దక్షిణాది భాషల నుంచి వెళ్ళినవే. ‘బ్రింజాల్’ అన్నా ‘ఆబర్జీన్’ అన్నా వంకాయే. రెండు మాటలూ సంస్కృతంలోని ఒకే మూలం నుంచి వేర్వేరు దారుల్లో పయనించాయి.

తెలిసినట్లే ఉండి తప్పుదారి పట్టించే మాటలపై మాత్రం జాగ్రత్త వహించాలి. మన దేశపు ఆంగ్లంలో ‘డ్రమ్‌స్టిక్’ అంటే ములగకాడ. అమెరికా భోజనశాలలో అది కోడికాలు. శాకాహారి ఒకడు ములగకాడ కూర అనుకొని అడిగితే ఏమి వడ్డిస్తారో చెప్పనక్కరలేదు. ఇక్కడి ‘కర్డ్’ అక్కడ ‘యోగర్ట్’. ప్రకాశం రైతు పండించే శనగను ఇక్కడ ‘బెంగాల్ గ్రామ్’ అంటారు, అక్కడ ‘చిక్‌పీ’ అంటారు. ‘పికిల్’ అక్కడ చాలావరకు సిర్కాలో ఊరవేసిన దోసకాయ, ఆవకాయ కాదు.

ఎవరు ఎవరితో అనవచ్చు?

1965లో అమెరికా వలస చట్టం మారిన తరువాత గుంటూరు, ప్రకాశం ప్రాంతాలవారు చదువుకూ ఉద్యోగానికీ అక్కడికి పెద్ద సంఖ్యలో వెళ్ళారు. అక్కడి కొన్ని ప్రాంతాలలో దుకాణంలోని స్త్రీ కొత్తవారిని కూడా ‘హనీ’ అని పలకరిస్తుంది. అది మన ఊరి అంగడిలో “ఏం కావాలి నాయనా” అన్నంతటి మాట. అందులో వలపూ లేదు, చనువూ లేదు. అది తెలియనివారు కంగారు పడతారు, లేదా లేని అర్థం ఊహించుకుంటారు.

అయితే విన్నామని అందరితో అనరాదు. కార్యాలయంలో తోటి ఉద్యోగినిని ‘హనీ’ అనో ‘స్వీటీ’ అనో పిలిస్తే ఆమెను చులకన చేసినట్లే. విద్యార్థి ఉపాధ్యాయునితో, చిన్నవారు పై అధికారితో ఈ మాటలు అనరాదు. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’ అన్న రెండు మాటలు ఈ కాపలా కాస్తాయి. ఆంగ్లంలో ‘యూ’ ఒక్కటే కనుక, మర్యాద ఈ చిన్న పిలుపులలో దాగి ఉంటుంది.

ఉపాధ్యాయులు తరగతిలో దీనిని సులభంగా నేర్పవచ్చు. పలకపై మూడు గళ్ళు గీయాలి. మొదటిదానిలో ఆంగ్ల పదం, రెండవదానిలో అది సూచించే వస్తువు, మూడవదానిలో దానిని ఎవరు ఎవరితో అంటారన్న వివరం. ప్రతి పదానికీ ఎదురుగా, అదే సందర్భంలో తమ ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య ఏమంటారో విద్యార్థులే చెప్పాలి. ‘హనీ’ ఎదుట ఒకరు ‘బుజ్జీ’ అంటారు, ఇంకొకరు ‘నా తల్లే’ అంటారు. రెండూ సరైన సమాధానాలే.

నిఘంటువు రెండవ గడి వరకే తోడు వస్తుంది. మూడవ గడి నింపేది మనుషుల నడుమ వాడుక. దానిని గమనించి నేర్చుకొన్న విద్యార్థికి ‘హనీ’ అన్న మాటలో తేనెపట్టుకు బదులు ఒక తల్లి గొంతు వినిపిస్తుంది.