సగం జడతో సమరానికి!

మహారాణి తల దువ్వించుకుంటోంది. సగం జుట్టు ముడిపడింది, సగం భుజాల మీదే ఉంది. అంతలో వార్త... ‘బాబిలోన్‌ తిరగబడింది!’ రాణి లేచింది. మిగతా జుట్టు సంగతి నగరం మళ్లీ చేతికొచ్చాకే అంది. అన్నట్టే చేసింది!

ఆ రాణి పేరు సెమిరామిస్‌. కథ చెప్పింది క్రీ.శ. ఒకటో శతాబ్దపు రోమన్‌ రచయిత వలేరియస్‌ మాక్సిమస్‌. బాబిలోన్‌లో ఆమెకు సగం విరబోసిన జుట్టుతోనే విగ్రహం పెట్టారనీ రాశాడాయన. దుశ్శాసనుడి నెత్తురు చూసేదాకా కురులు ముడవనన్న ద్రౌపది కథ విన్న మనకు ఈ పట్టుదల కొత్తేం కాదు.

ఆ క్షణాన్నే 1624లో కాన్వాసు మీదకు తెచ్చాడు ఇటలీ చిత్రకారుడు గ్వెర్చీనో. అసలు పేరు జొవానీ ఫ్రాన్చెస్కో బార్బియెరి. మెల్లకన్ను ఉండటంతో ‘గ్వెర్చీనో’ అన్న పేరు స్థిరపడిపోయింది. పోప్‌ పదిహేనో గ్రెగరీ పిలుపుతో రోమ్‌ వెళ్లి, ఆయన మరణం తర్వాత 1623లో సొంతూరు చెంతోకు తిరిగొచ్చాడు. మరుసటి ఏడాదే ఈ తైలవర్ణ చిత్రం గీశాడు. నాలుగడుగులకు కాస్త తక్కువ ఎత్తు, అయిదడుగుల వెడల్పు. అందులో ఉన్నది ముగ్గురే... రాణి, పరిచారిక, దూత. యుద్ధం లేదు, రక్తం లేదు. కబురు చెవిన పడిన ఆ ఒక్క క్షణమే ఉంది. వెలుగునీడల మధ్య ఉత్కంఠను పట్టుకోవడమే బరోక్‌ శైలి ప్రత్యేకత మరి!

పావురాలు పెంచిన పాప

సెమిరామిస్‌ పుట్టుక గురించి గ్రీకు రచయిత డయొడోరస్‌ చెప్పే కథ వింటే మన శకుంతల గుర్తొస్తుంది. దేవత అయిన తల్లి బిడ్డను వదిలేసి వెళ్లిపోతే పావురాలు పాలు తెచ్చి పోశాయట. పశువుల కాపరుల కంటపడిన ఆ పాప పెరిగి పెద్దదై, అస్సీరియా రాజు నైనస్‌ను పెళ్లాడింది. ఆయన పోయాక తానే సింహాసనమెక్కింది.

అన్నట్టు, ఆమె మన దేశం మీదకీ దండెత్తిందట! సింధు నది దాటి వచ్చిన ఆమె దగ్గర ఏనుగుల్లేవు. అందుకని నల్ల ఎద్దుల తోళ్లతో ఉత్తుత్తి ఏనుగుల్ని కుట్టించి, లోపల ఒంటెల్ని పెట్టి నడిపించిందట. అసలు ఏనుగులు ఎదురొచ్చేసరికి ఆ ఎత్తు పారలేదు. గాయాలతో వెనుదిరిగింది. ఇదీ డయొడోరస్‌ చెప్పిన కథే.

శిల మీద పేరు

ఇదంతా కల్పనేనా? ఓ నిజమైన రాణి కథే పెరిగి పెరిగి ఇలా మారిందంటారు చాలామంది చరిత్రకారులు. ఆమె సమ్మురమత్‌. అస్సీరియా రాజు ఐదో షంషి అదద్‌ భార్య. ఆయన క్రీ.పూ. 811లో చనిపోయాడు. కొడుకు అదద్‌ నిరారితో కలిసి ఆమె యూఫ్రటీస్‌ నది దాటి దండయాత్రకు వెళ్లిందని టర్కీలో దొరికిన శిలాఫలకం చెబుతోంది. ఆ కాలంలో రాజుల శాసనాల్లో రాణి ప్రస్తావన చాలా అరుదు. అయితే బాబిలోన్‌ని కట్టింది మాత్రం ఆమె కాదు. ఆమెకు వెయ్యేళ్ల ముందే ఆ నగరం ఉంది.

ఏలిన ఆడదాన్ని లోకం ఊరికే వదిలిందా? కామానికి లొంగిన రాణి అంటూ డాంటే తన కావ్యంలో ఆమెను నరకానికి పంపాడు. గ్వెర్చీనో మాత్రం అలంకారం మధ్యలోనూ రాజ్యాన్ని మరవని పాలకురాలి కథను ఎంచుకున్నాడు.

చిత్రమూ చాలా దేశాలే తిరిగింది. 1660లో ఇంగ్లండ్‌ రాజు రెండో చార్లెస్‌కు డచ్చివారు పంపిన కానుకల్లో ఇదీ ఒకటి. 1948లో అమెరికాలోని బోస్టన్‌ లలితకళల మ్యూజియం దీన్ని సేకరించింది. నాలుగు వందల ఏళ్లు దాటినా ఆ జడ ఇంకా పూర్తికాలేదు!