వయసు పైబడితే కండ ఎందుకు కరుగుతుంది?



"సిస్టరమ్మా, పుట్టినకాడి నుంచి కష్టం చేసినోళ్లం. మాకు మళ్లీ వ్యాయామం ఎందుకమ్మా?" ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసిన తాతలు, ఎమ్మిగనూరులో గుంట మగ్గం మీద నేసిన పెద్దలు, చేనులో కలుపు తీసిన అవ్వలు అందరూ అడిగే మాట ఇది. న్యాయమైన ప్రశ్నే. అందుకే జవాబు కొంచెం వివరంగా చెబుతాను.

కండరానిది దాదాపు రోజు కూలీ లెక్క. వయసులో ఉన్నప్పుడు కష్టపడి పెంచుకున్న కండ పెద్దతనంలో ఆసరాగా ఉండే మాట నిజమే. కాని పని ఆగిన రోజు నుంచి అది కూడా తరుగుతుంది. ముప్పై ఏళ్లు దాటాక ప్రతి పదేళ్లకు మన కండ సుమారు 3 నుంచి 8 శాతం వరకు తగ్గుతుంది. అరవై దాటాక ఈ వేగం ఇంకా పెరుగుతుంది. గమనించవలసిన సంగతి ఏమిటంటే, కండ తగ్గేదానికంటే బలం త్వరగా తగ్గుతుంది. కండరాన్ని కదిలించే నరాలు కొన్ని వయసుతో నశిస్తాయి. చురుకుగా పనిచేసే కండర పోగులు ముందుగా సన్నబడతాయి. అందుకే గడప తగిలినప్పుడు చిన్నవాడు చటుక్కున రెండో కాలు వేసి నిలదొక్కుకుంటాడు, తాత మాత్రం పడిపోతాడు. 1989లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా వైద్యుడు దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో మాంసం కొరవడడం అని అర్థం.

ఎమ్మిగనూరు మగ్గానికి పేరున్న ఊరు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ నేత సహకార సంఘం స్థాపించిన తరువాత ఎన్నో కుటుంబాలు దాని మీద బతికాయి. గుంట మగ్గం పనిని గమనించండి. చేయి నాడె తాడు లాగుతుంది, పాదాలు కింద పలకలు తొక్కుతాయి. ఒంటి బరువు మాత్రం రోజంతా కూర్చున్న చోటనే ఉంటుంది. ఏ కండకు పని ఉంటే ఆ కండే నిలుస్తుంది. చేతి పట్టు ఇనుములా ఉండి కూడా, నేల మీది నుంచి లేవడానికి గోడ పట్టుకునే నేతగాళ్లు ఉన్నారు. ఇక మగ్గం మానేసి అరుగు మీద కూర్చుంటే ఆ చేతి పట్టు కూడా పోతుంది. అవ్వల సంగతీ అంతే. విసుర్రాయి, రోకలి, బావి నుంచి బిందె మోయడం ఇవన్నీ ఇళ్లలో నుంచి పోయాయి. వాటి శ్రమ పోయినందుకు సంతోషమే, కాని వాటి బదులు శరీరానికి మనం ఏమీ ఇవ్వలేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం మంచం మీద జరుగుతుంది. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది పెద్దవారిని, సగటు వయసు 67, పది రోజులు మంచం మీదనే ఉంచి చూశారు. ఒక్కొక్కరి కాళ్లలో సుమారు కిలో కండ తగ్గింది. ఈ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. వారికి జ్వరం లేదు, ఆపరేషన్ లేదు. మరి మన జేజికి జ్వరం వచ్చి వారం పడుకుంటే ఏమవుతుంది? జ్వరం తగ్గుతుంది, జేజి లేవదు. కోడలు అన్నం, నీళ్లు, చివరకు బెడ్‌పాన్ కూడా మంచం దగ్గరకే తెస్తుంది. అది ప్రేమే. "ముసలామెను నడిపిస్తోంది చూడు" అని వీధిలో అంటారన్న భయం కూడా అందులో ఉంటుంది. నా మాట వినండి, డాక్టరు గారు వద్దని చెప్పనంత వరకు జేజిని కూర్చోబెట్టే తినిపించండి, చేయి పట్టుకుని బాత్‌రూమ్‌కు నడిపించండి.

"ఒక బాటిల్ ఎక్కించండమ్మా, బలమొస్తుంది" అని ఓపీలో రోజూ అడుగుతారు. అర లీటరు గ్లూకోజ్ బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర. కండ కట్టే మాంసకృత్తులు అందులో సున్న. ఆ డబ్బుతో కోడిగుడ్లు కొనుక్కోవడం మేలు.

పెద్దవారికి రోజుకు ఒంటి బరువు కిలోకు ఒక గ్రాము, వీలైతే ఇంకొంచెం ఎక్కువ మాంసకృత్తులు కావాలి. యాభై కిలోల అవ్వకు యాభై గ్రాములన్నమాట. జొన్నరొట్టె, కందిపప్పు కలిపి తింటే ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి. పళ్లు లేనివారు రొట్టెను పప్పులో నానబెట్టుకోవచ్చు, బుడ్డల పొడి కలుపుకోవచ్చు. పిల్లలు మిరప కోతకు గుంటూరు వైపు వలస పోయినప్పుడు ఇంటి దగ్గర మిగిలే ముసలివారు ఊరగాయ అన్నంతో సరిపెట్టుకుంటారు. వారి కోసం ఆ నెలలకు పప్పు, బుడ్డలు ముందే ఇంట్లో ఉంచి వెళ్లండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడిగే ఆహారం మార్చాలి.

అయితే తిండి ఒక్కటే చాలదు. బోస్టన్‌లో తొంభై ఏళ్ల ప్రాయంలో ఉన్న పదిమంది ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తితే, పూర్తిచేసిన వారి తొడల బలం సగటున 174 శాతం పెరిగిందని 1990లో ప్రకటించారు. తొంభైలో! మరి అరవై అయిదుకే "ఇంకేముందిలే" అనడం ఎందుకు?

ఇంట్లో పరీక్ష ఇలా చేసుకోండి. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు ఛాతీ మీద కట్టుకుని, అయిదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు దాటితే, లేదా చేయి ఆనించక లేవలేకపోతే, బలం తగ్గుతోందని గుర్తు. గుడిలో పాటకు లేచేటప్పుడు ముందు బెంచీ పట్టుకుంటున్నారా, అదీ చూసుకోండి. ఈ పరీక్షే వ్యాయామం కూడా. పూటకు పదిసార్లు, ఎవరైనా పక్కన ఉండగా. తరువాత తలుపు చట్రం పట్టుకుని మడమలెత్తండి. సగం నిండిన నీళ్ల బకెట్ ఎత్తి దించండి. వారానికి రెండు మూడు రోజులు చేసినా చాలు, మానకుండా ఉంటే. ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నవారు ముందుగా డాక్టరుకు చూపించుకోండి.

నీరసమంతా వయసు వల్లే అనుకోవద్దు. థైరాయిడ్, విటమిన్ డి లోపం, రక్తహీనత, షుగరు కూడా కారణం కావచ్చు. ఒక్కసారిగా ఒక వైపు చేయి, కాలు పడిపోతే అది పక్షవాతం, ఆ గంటలోనే ఆసుపత్రికి రావాలి. మామూలు చెకప్‌కు వచ్చేవారు వాడే మందులన్నీ, నిద్రమాత్రలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకురండి. రాత్రిపూట పడిపోవడానికి కారణం కొన్నిసార్లు ఆ సంచిలోనే దొరుకుతుంది.