నెత్తురు చెబుతున్న మెదడు కబుర్లు

"సార్, మనం ఆలోచించేది ఎమ్మారైలో కనబడుతుందా?" ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి బోర్డు మీద డయా, పారా అయస్కాంత పదార్థాల పట్టిక ఇంకా చెరపలేదు. జవాబు ఆ పట్టికలోనే ఉంది.

హిమోగ్లోబిన్‌లో ఇనుము ఉంటుంది. ఆక్సిజన్‌ను మోస్తున్నంతసేపూ హిమోగ్లోబిన్ డయా అయస్కాంతం, అంటే అయస్కాంతానికి కాస్త దూరం జరిగేది. దాన్ని దించేసిందా, పారా అయస్కాంతం, అంటే అయస్కాంతం వైపు కాస్త లాగబడేది! 1936లో శాస్త్రవేత్తలు లైనస్ పౌలింగ్, చార్లెస్ కోర్యెల్ తేల్చిన సంగతి ఇది. అయిదు దశాబ్దాల తర్వాత అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో సెయిజి ఒగావా దానికి కొత్త పని కల్పించాడు. ఎలుకల మెదళ్లను ఎమ్మారై తీస్తే రక్తనాళాలు నల్లటి గీతల్లా కనబడ్డాయి. ఎలుకలకు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పిస్తే ఆ గీతలు మాయమయ్యాయి.

ఎందుకంటే, ఎమ్మారై వినేది మన ఒంట్లోని నీటిని. రేడియో తరంగం తాకగానే నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలన్నీ ఒకే లయలో తిరుగుతూ సంకేతం పంపుతాయి. ఆక్సిజన్ వదిలేసిన నెత్తురు పక్కనుంటే అక్కడి అయస్కాంత క్షేత్రం చెదిరి లయ తప్పుతుంది, సంకేతం తగ్గుతుంది, బొమ్మ నల్లబడుతుంది. 1990లో ఒగావా బృందం ఈ ఫలితాలను ప్రచురించింది.

నాకు అమితంగా నచ్చే మలుపు ఇక్కడుంది. పనిచేసే నాడీకణాలు ఆక్సిజన్‌ను ఎక్కువ వాడతాయి కదా, అక్కడ బొమ్మ నల్లబడాలి. కానీ తెల్లబడుతుంది! పదిమంది భోజనానికొస్తే పాతికమందికి వండించే ఇల్లాలిలా, మెదడు అవసరాన్ని మించి తాజా నెత్తురును అక్కడికి పంపుతుంది. వాడగా మిగిలిన ఆక్సిజన్‌తోనే ఆ చోటు మెరుస్తుంది. ఆ మెరుపు పతాకస్థాయికి చేరడానికి అయిదారు సెకన్లు పడుతుంది. అంటే యంత్రం ఆలోచనను చూడదు, ఆలోచన వెంట ఆలస్యంగా వచ్చిన నెత్తురును చూస్తుంది.

1992 నాటికి మనుషుల మీదా ప్రయోగాలు జరిగాయి. తర్వాత ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

ముసలితనం దగ్గరికొచ్చేసరికి ఈ ఆలస్యపు నెత్తురే చిక్కు తెచ్చిపెట్టింది. వయసుతో రక్తనాళాలు బిరుసెక్కుతాయి. డెబ్బై ఏళ్లాయన మెదడులో మెరుపు తగ్గితే, తగ్గింది నాడీకణాల పనా, నాళాల సాగుడా? అది తేల్చడానికి పరిశోధకులు స్కానర్‌లో ఆయన్ని కాసేపు ఊపిరి బిగపట్టమంటారు. కార్బన్ డయాక్సైడ్ పెరిగి, కొత్త ఆలోచనేమీ లేకుండానే నాళాలు వెడల్పవుతాయి. అలా నాళాల వాటా ఎంతో కొలిచి పక్కన పెట్టవచ్చు. ఈ జాగ్రత్త లేకుండా వృద్ధుల మెదడు గురించి చేసే తీర్మానాలను నేను నమ్మను.

మెదడు కొలతలు చూసే మామూలు ఎమ్మారై మాత్రం ఒక మంచి కబురు చెప్పింది. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనం వెలువడింది. వారానికి మూడు రోజులు చొప్పున ఏడాదిపాటు చురుగ్గా నడిచినవాళ్లలో, జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ దాదాపు 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో అది కుంచించుకుపోయింది.

మానసిక కుంగుబాటు ఉన్నవాళ్లలో కూడా హిప్పోక్యాంపస్ సగటున కాస్త చిన్నదే. అయితే అది వేలమంది సగటు. ఒక్క మనిషి స్కాన్ చూసి ఆయనకు కుంగుబాటు ఉందని ఏ వైద్యుడూ చెప్పలేడు. మీ ఇంట్లో పెద్దవాళ్లు రోజుల తరబడి ముభావంగా ఉంటే, స్కాన్‌కన్నా ముందు పక్కన కూర్చుని మాట్లాడించండి, మానసిక వైద్యుడికి చూపించండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ ఉచిత నంబరు 14416.