పాత కారు వణుకుతోందా? టైర్లు మార్చే ముందు షాఫ్ట్ చూడండి

ఈసారి పంట గురించి కాదు, పంటను సంతకు మోసే బండి గురించి.

మా నాన్నగారి పాత కారు వెనక చక్రాల డ్రైవ్. వెనక సీటు తీసేసి కూరగాయల క్రేట్లు వేస్తాం. క్లచ్ ప్లేటు మార్పించాక 60 స్పీడు దగ్గర సీటు కింద జివ్వుమని వణుకు మొదలైంది. టైర్లే అనుకుని రెండు కొత్తవి వేయించా, బ్యాలెన్సింగ్ రెండుసార్లు చేయించా. డబ్బు పోయింది, వణుకు పోలేదు. ఆకు పచ్చబడగానే కారణం చూడకుండా ఏదో ఒకటి కొట్టేస్తే ఎలా ఉంటుందో, నేను చేసిందీ అదే.

తర్వాత వరసగా చూసుకుంటూ వచ్చా. వీడియోలోనూ ఇదే వరస.

1. బండి ఆపి, న్యూట్రల్‌లో రేస్ ఇవ్వండి. నిలబడి ఉన్నప్పుడే వణికితే ఇంజన్, దాని మౌంటింగులు చూడాలి.

2. ఖాళీ రోడ్డు మీద వణుకు వచ్చే స్పీడుకు వెళ్లి, స్పీడు మారకుండా గేరు మార్చండి. ఇంజన్ తిరిగే వేగం మారినా వణుకు అలాగే ఉంటే తప్పు ఇంజన్‌ది కాదు. షాఫ్ట్ నుంచి చక్రాల దాకా ఎక్కడో ఉంది.

3. చక్రమా, షాఫ్టా? చాలా పాత కార్లలో చక్రం ఒక చుట్టు తిరిగేలోగా షాఫ్ట్ సుమారు 4 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2 మీటర్లు అనుకుంటే, 60 స్పీడులో చక్రం సెకనుకు 8 చుట్లు, షాఫ్ట్ 33 చుట్లు. అందుకే ముందు చక్రాల వణుకు స్టీరింగ్‌లో గడగడమంటుంది. షాఫ్ట్ వణుకు సన్నగా, కాళ్ల కింద, సీట్లో తెలుస్తుంది. మాది ఈ రెండోదే.

4. సమతలంలో ఇంజన్ ఆపి, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు గట్టిగా పెట్టాకే న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వదలండి. క్రాస్ జాయింట్‌కి రెండు వైపులా పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. లూజు తగిలితే జాయింట్ అరిగినట్టే. కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉంటే లోపల గ్రీజు ఎండిపోయింది. షాఫ్ట్‌కి సొట్ట, అంటుకున్న మట్టి, ఊడిన బ్యాలెన్స్ ముక్క, చిరిగిన గేర్‌బాక్స్ మౌంటింగ్ రబ్బరు కూడా చూడండి.

మా జాయింట్లు బాగానే ఉన్నాయి. మరి తప్పెక్కడ? రోటవేటర్ షాఫ్ట్ గుర్తు తెచ్చుకోండి. రెండు చివర్ల యోకులు ఒకే వరసలో ఉండాలని డిప్లొమాలో చెప్పారు. వంపులో తిరిగే ఒక్క క్రాస్ జాయింట్ ప్రతి చుట్టులో రెండుసార్లు వేగం పెంచి తగ్గిస్తుంది. యోకులు వరసలో ఉండి, రెండు వంపులూ సమానంగా ఉంటేనే రెండో జాయింట్ ఆ తేడాని సరిచేస్తుంది. మా షాఫ్ట్ మధ్యలో జారే భాగం ఉంది. క్లచ్ పనికి విప్పినప్పుడు గుర్తు పెట్టుకోలేదు, పళ్లు తప్పించి బిగించారు. విప్పి వరసకి తెచ్చి బిగిస్తే వణుకు ఆగింది. కొత్త సామాను ఒక్కటీ పడలేదు.

అందుకే షాఫ్ట్ విప్పే ముందు పెయింట్‌తో గీత పెట్టించండి. వణుకు ఏ పని తర్వాత మొదలైందో ముందు అదే అడగండి.

ఒక్క జాగ్రత్త. ముందుకీ రివర్స్‌కీ మార్చేటప్పుడు టక్కుమంటే వాయిదా వేయొద్దు. పరుగులో ముందు జాయింట్ విరిగితే షాఫ్ట్ రోడ్డు మీద పడి గుచ్చుకోవచ్చు. బండిలో క్రేట్లే కాదు, మనవాళ్లూ ఉంటారు కదా.