గాజుమేడలో విమాన ప్రతిరూపములు



సంక్రాంతి దినములలో మన యిండ్లయందు బొమ్మల కొలువు తీర్చుట మీరెల్లరు నెఱిగినదే. అందలి బండి కదలదు, గుఱ్ఱము పరుగెత్తదు. చూచి సంతసించుటయే వాని ప్రయోజనము. నేడు వేఱొక విధమగు కొలువును గూర్చి మనవి చేసెదను. అది 1868వ సంవత్సరము జూన్ నెలలో, ఇంగ్లండు దేశమున, లండను నగరపు పొలిమేరనున్న క్రిస్టల్ ప్యాలెస్ అను గాజుమేడలో జరిగినది. విమానముల ప్రతిరూపములను, వానికి దగిన యంత్రములను ఒక కప్పు క్రింద జేర్చి జనులకు జూపిన ప్రదర్శనములలో నిది మొదటిదని చెప్పుదురు. మనుష్యుని మోసికొని యంత్రబలముతో గాలిలో నడచు విమానము అప్పటికి లోకమున నొక్కటియు లేదు. మూలమే లేనిదానికి ప్రతిరూప మెట్లు గలిగెను? దానివలన ప్రయోజనమేమి? ఇదియే నేటి విచారము.

ఆ మేడ యినుప కమ్ములతోను గాజు పలకలతోను గట్టబడినది. 1851లో హైడ్ పార్కున వెలసి, పిదప సిడెన్‌హామునకు తరలింపబడి, 1936లో నగ్నికాహుతి యైనది. ఆకాశయానమును గూర్చి విచారించుటకు 1866లో నేర్పడిన యొక విద్వత్సంఘము ఆ ప్రదర్శనమును నడపెను. అచ్చట నెల్లర దృష్టి నాకర్షించిన వాడు జాన్ స్ట్రింగ్‌ఫెలో. అప్పటికాతని వయస్సు 68 సంవత్సరములు. చార్డ్ అను చిన్న పట్టణమున లేసు నేయు యంత్రములకు గావలసిన పరికరములు చేయుట ఆతని వృత్తి. మన నరసాపుర ప్రాంతమున స్త్రీలు చేతితో నల్లెడు లేసునే అచ్చట యంత్రములతో నేయుచుండిరి.

ఇరువదియైదేండ్లకు బూర్వమే యాతడీ కృషికి బూనెను. హెన్సన్ అను మిత్రుడు 150 అడుగుల రెక్కలుగల ఆవిరి విమానమును మనస్సున గల్పించి, 1842లో దానికి సర్కారువారి హక్కుపత్రమును గోరెను. విమానము పుట్టకమునుపే అది ఈజిప్టు పిరమిడ్లమీద నెగురుచున్నట్లు చిత్రపటములు వెలువడెను. జనులు నవ్విరి, ధనము రాలేదు. ఇరువురును గలిసి 20 అడుగుల ప్రతిరూపమును జేసి బయలునందు బరీక్షించిరి. పట్టు రెక్కలు మంచుకు దడిసి బరువెక్కెను, అది యెగురలేదు. హెన్సన్ నిరాశచెంది అమెరికాకు బోయెను.

స్ట్రింగ్‌ఫెలో మాత్రము విడువలేదు. 1848లో 10 అడుగుల రెక్కలుగల ప్రతిరూపము నింకొకటి చేసి, పాడువడిన లేసు మిల్లులోని 22 గజముల పొడవుగల గదిలో బరీక్షించెను. ఇంటిలోపల నేల యందురేమో! ఆరుబయట గాలి స్థిరముగ నుండదు. వస్తువు పడిపోయిన, దోషము గాలిదో రెక్కదో తెలియదు. ఎగిరినను, గాలి లేపెనో యంత్రము లేపెనో తెలియదు. గదిలో గాలి నిశ్చలము. కావున తప్పు తప్పుగనే కానవచ్చును. ఆతడు వాలుగా గట్టిన తీగవెంబడి ప్రతిరూపమును నడిపించి, కొన యందు విడిపోవునట్లు చేసెను. మొదటిసారి తోకను మిక్కిలి యెత్తుగ నమర్చుటచే అది నిట్టనిలువుగ లేచి, వెనుకకు జారి, తోక విరుగగొట్టుకొనెను. తోకను సవరించి మరల విడువగా, మెల్లమెల్లగ బైకిలేచి, ఎదుటి కొనయందు గట్టిన గుడ్డకు దగిలి దానిని చించెను. ఇది స్వతంత్రముగ నెగురుటయా, తీగయిచ్చిన యూపుతో సాగుటయా యని నేటికిని పండితులు వాదించుచునే యున్నారు.

1868లో నాతడు గాజుమేడకు దెచ్చిన ప్రతిరూపమునకు ఒకదానిపై నొకటిగ మూడు రెక్కలు. రెక్కలను అంతస్తులుగ నమర్చవచ్చునను భావము వెన్‌హాం అను విద్వాంసునిది. ప్రదర్శనమున దానిని తీగవెంబడి నడిపి చూపిరి. కాని 100 పౌన్ల బహుమానము దాని రెక్కలకు రాలేదు; ఆతడు ప్రదర్శించిన మఱియొక తేలిక యంత్రమునకు వచ్చెను. అది సుమారు 13 పౌన్ల తూకముండి, సుమారొక యశ్వము బలమునిచ్చుచుండెను.

యంత్రమున కేల యిచ్చిరి? ఇందులోని మర్మము గ్రహింపవలెను. అంగుళము చొప్పున పొడవు, వెడల్పు, ఎత్తుగల బెల్లపు ముక్కనొకదానిని దీసికొనుడు. రెండంగుళముల చొప్పున గల ముక్క నింకొకదానిని దాని చెంతనుంచుడు. పెద్దదాని ముఖము చిన్నదానికంటె నాలుగింతలు. తూకము మాత్రము ఎనిమిదింతలు. విమానమును నిట్లే. కొలతలన్నియు రెండింతలు చేసినయెడల రెక్కల విరివి నాలుగింతలగును, బరువెనిమిదింత లగును. ప్రతి చదరపు టడుగు రెక్కయు మునుపటికి రెండింతల భారమును మోయవలసివచ్చును. మోయుటకు వేగము కావలెను. వేగమునకు బలమైన యంత్రము కావలెను. బలము హెచ్చిన యంత్రము బరువును హెచ్చును. ఆ బరువును మరల రెక్కలే మోయవలెను! కావున చిన్నది యెగిరినంతమాత్రమున పెద్దది యెగురునని నమ్మరాదు. బలము హెచ్చి బరువు తగ్గిన యంత్రమే ఈ ముడిని విప్పవలెను. నాటి పరీక్షకులు దీని నెఱిగియే బహుమాన మిచ్చిరి.

స్ట్రింగ్‌ఫెలో 1883లో గతించెను. మనుష్యుడు విమానమున నెగురుట చూడలేదు. కాని యింటికప్పు క్రింది విచారము నిలువలేదు. 1871లో వెన్‌హాం పెట్టెవంటి సొరంగములో యంత్రముచే గాలిని వీవజేసి రెక్కల గుణములను గొలిచెను. 1901లో అమెరికాయందు రైటు సోదరులు తమ సైకిళ్ల దుకాణములో నట్టి పెట్టెనే చేసికొని, సుమారు 200 చిన్న రెక్కలను బరీక్షించిరి. 1903 డిసెంబరు 17వ తేదీన వారి విమానము, రెండంతస్తుల రెక్కలతోను పెట్రోలు యంత్రముతోను, 12 సెకండ్లు ఎగిరి 120 అడుగులు సాగెను.

నా తప్పు నొకదానిని చెప్పి ముగించెదను. నేను బడిపంతులుగ నున్న దినములలో, వెదురు పుల్లలతోను పలుచని కాగితముతోను జేసిన విమానము నొక బాలుడు తరగతికి దెచ్చి, శబ్దమంజరి వల్లించు వేళ బల్లక్రింద సవరించుచుండెను. ఏమిరా యని గద్దించితిని. “తోక సరిగా కుదరలేదండీ!” అనెను. ఆటలకిది సమయము గాదని దానిని విఱిచి పాఱవైచితిని. తోక కుదరకపోవుటయే స్ట్రింగ్‌ఫెలో మొదటి పరీక్షకును విఘ్నమని చాలకాలమునకు గాని నేను చదువలేదు. ఆ బాలుడు మరల నొకటి చేసెనో లేదో యెఱుగను.

కావున పెద్దలారా! మీ యింటి పిల్లవాడు పుల్లలు గోసి రెక్కలు కట్టుచున్నచో, విఱువక మునుపు ఏల యది పడిపోవుచున్నదని యడుగుడు. గాలి తగులని చావడిలోనికి రమ్మని, అచ్చట నెగురవేయుమనుడు.