కాల్చినా పొరలు మరచిపోని పదార్థం

ఆవంలో కాలిన కుండను నెల రోజులు నీళ్లలో నానబెట్టినా అది మళ్లీ బంకమట్టి కాదు. హైడ్రోటాల్సైట్ అనే ఖనిజం తీరు వేరు. దాన్ని 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి పొడి చేశాక కూడా, నీళ్లలో వేస్తే పోయిన పొరలను తిరిగి కట్టుకుంటుంది.

దీని పొరలు మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌వి. అక్కడక్కడ మెగ్నీషియం స్థానంలో అల్యూమినియం కూర్చుని ఒక ధనావేశాన్ని అదనంగా తెస్తుంది. ఆ లెక్క సరిపెట్టడానికి పొరల నడుమ రుణావేశమున్న కార్బొనేట్ చేరుతుంది, వెంట నీళ్లు కూడా. పూతరేకు మడతల్లో బెల్లప్పొడి ఉన్నట్టు. కార్బొనేట్‌ను తీసి అక్కడ సేంద్రియ అణువులు పెడితే హైబ్రిడ్ తయారవుతుంది. షాంపూకు నురగనిచ్చే లారైల్ సల్ఫేట్‌ను పెడితే, నానోమీటరులో ముప్పాతిక వంతున్న పొరల ఎడం రెండున్నర నానోమీటర్ల దాకా పెరుగుతుంది.

చిక్కేమిటంటే, కార్బొనేట్ ఓ పట్టాన కదలదు. దాన్ని వెళ్లగొట్టడానికి ఒక దారి వేడి. సుమారు 200 డిగ్రీల లోపు పొరల మధ్య నీళ్లు పోతాయి; పొరలు నిలిచే ఉంటాయి. 300 నుంచి 500 మధ్యలో పొరల్లోని హైడ్రాక్సిల్ ఆవిరిగా, కార్బొనేట్ బొగ్గుపులుసు వాయువుగా లేచిపోతాయి. మూడు పాళ్ల మెగ్నీషియానికి ఒక పాలు అల్యూమినియం ఉన్న రకమైతే 100 గ్రాములకు మిగిలేది 57. పొరలు కూలి, రెండు లోహాల ఆక్సైడ్ మిశ్రమం అవుతుంది.

ఈ పొడిని సేంద్రియ లవణం కలిపిన నీళ్లలో వేస్తే, పొరలు కట్టుకుంటూ ఆ అణువులనే లోపలికి లాక్కుంటుంది. నీళ్లను ముందే మరిగించాలి, గాలి తగలనివ్వకూడదు. లేకపోతే గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరిగి, తరిమేసిన కార్బొనేటే మళ్లీ వచ్చి కూర్చుంటుంది! మురుగునీటిలోని రుణావేశిత రంగులను పట్టడానికీ ఇదే గుణం పనికొస్తుంది.

తయారైన హైబ్రిడ్‌ను కాల్చితే కథ మారుతుంది. గాలిలోనైతే సేంద్రియ భాగం మండిపోతుంది. నైట్రోజన్‌లో అయితే కొంత బొగ్గై పొరల మధ్యే చిక్కుకుంటుంది. అందుకే ‘ఇన్ని డిగ్రీల దగ్గర విచ్ఛిన్నమైంది’ అని ఎవరైనా అంటే, ఏ వాయువులో అని నేను ముందు అడుగుతాను.

ఈ జ్ఞాపకానికీ హద్దుంది. కాల్చి నానబెట్టడం పదేపదే చేస్తే పట్టు తగ్గుతుంది. వేడి 900 డిగ్రీలు దాటితే మెగ్నీషియం, అల్యూమినియం కలిసి స్పినెల్ అనే గట్టి స్ఫటికమవుతాయి. ఆ తర్వాత దాన్ని ఎంత నానబెట్టినా కుండే.