కడుపుతో పరదేశం: అపోహలు – వాస్తవాలు

కూతురు నీళ్ళోసుకుందన్న కబురూ, అల్లుడికి పైదేశంలో ఉద్యోగం ఖాయమైందన్న కబురూ ఒకే నెలలో వచ్చే ఇళ్ళు ఇప్పుడు హైదరాబాద్, విశాఖల్లోనే కాదు, గొలుగొండ, నర్సీపట్నం లాంటి చోట్లా ఉంటున్నాయి. సంతోషం వెంటే సలహాలూ వస్తాయి. వట్టి మనిషి కాదు, విమానం ఎక్కించొద్దని ఒకరంటారు. అమెరికాలో పుడితే బిడ్డ జాతకమే మారిపోతుందని మరొకరంటారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురు. అయినా రెండింటి కిందా ఉన్న నమ్మకం ఒక్కటే: తల్లీబిడ్డల క్షేమం చోటును బట్టి ఉంటుందని. నిజానికి క్షేమాన్ని ఇచ్చేది ఆసరా. తొలి కాన్పు కన్నవారింట్లో జరగాలన్న మన ఆచారం కూడా ఆసరా కోసం పుట్టిందే. అనుభవం ఉన్న ఆడవాళ్ళు, వేళకు తిండి, రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకునే చేయి, ఇవన్నీ అడక్కుండా దొరికే చోటు అది. పరదేశంలో అవేవీ వాటంతట అవి రావు. బయలుదేరక ముందే ఒక్కొక్కటీ అమర్చుకోవాలి. జనంలో నలుగుతున్న అపోహలు చేసే అసలు కీడు ఏమిటంటే, ఆ అమరిక మీదికి మనసు పోనివ్వకపోవడం.

అపోహ: కడుపుతో ఉన్న పిల్ల విమానం ఎక్కితే ప్రమాదం

వాస్తవం: గర్భం ఏ చిక్కూ లేకుండా సాగుతూ, కడుపులో ఒక్క బిడ్డే ఉంటే, 36 వారాల దాకా విమాన ప్రయాణం సాధారణంగా సురక్షితమేనని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం చెబుతోంది. చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటాక డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి. కవలలైతే గడువు ఇంకా ముందే ముగుస్తుంది. భయపడాల్సింది విమానం ఎత్తుకు కాదు, గంటల తరబడి కదలకుండా కూర్చోవడానికి. గర్భిణుల రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. విశాఖ నుంచి అమెరికా చేరేసరికి ఇరవై గంటలు దాటిపోతుంది. కాబట్టి మధ్యమధ్య లేచి నడవాలి, నీళ్ళు తాగుతుండాలి, సీటు బెల్టును పొట్ట మీదుగా కాకుండా పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా పెట్టుకోవాలి. బీపీ, రక్తస్రావం, మాయ కిందికి ఉండటం లాంటివి ఉంటే మాత్రం నిర్ణయం డాక్టరుదే. ఇంత చర్చలోనూ ఎవరికీ గుర్తురానిది కాగితాల ఫైలు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, టీకాల తేదీలు, వాడుతున్న మందుల అసలు పేర్లు, బ్లడ్ గ్రూపు రిపోర్టు చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో కాదు. తల్లి గ్రూపు నెగటివ్ అయితే యాంటీ-డి ఇంజెక్షన్ వేశారా లేదా, ఎప్పుడు వేశారన్నది అక్కడి డాక్టరుకు తెలియాలి. అది తెలియకపోతే తర్వాతి కాన్పుల్లో బిడ్డ ప్రాణం మీదికి రావచ్చు.

అపోహ: అక్కడ పుడితే చాలు, బిడ్డతో పాటు అమ్మానాన్నలకూ దారి దొరుకుతుంది

వాస్తవం: ఒక్క అమెరికా మాటను అన్ని దేశాలకూ అంటగట్టడం వల్ల పుట్టిన భ్రమ ఇది. బ్రిటన్‌లో 1983 నుంచి, ఆస్ట్రేలియాలో 1986 నుంచి అక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడి పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి. గల్ఫ్ దేశాల్లో మన పిల్లలకు ఆ ఊసే లేదు. అమెరికాలో 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ ఆ హక్కు ఇచ్చింది. అయితే తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు దాన్ని నిరాకరిస్తూ 2025 జనవరి 20న అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది. కింది కోర్టులు దాన్ని అడ్డుకున్నాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అందుకే ప్రయాణం నాటికి చట్టం ఏ స్థితిలో ఉందో చూసుకోవడం తప్పనిసరి. పౌరసత్వం దొరికిన బిడ్డ కూడా తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టాలంటే 21 ఏళ్ళు నిండాలి. బిడ్డకు పౌరసత్వం రావాలన్నదే ముఖ్యోద్దేశంగా వెళ్ళేవారికి సందర్శక వీసా ఇవ్వకూడదని 2020లోనే నిబంధన వచ్చింది. బిడ్డకు మేలు జరగాలని కోరుకోవడం తప్పా అని అడగవచ్చు. కోరిక తప్పు కాదు. దాని కోసం బీమా లేకుండా, నెలలు నిండే వేళ, డాక్టరు ఎవరో తెలియని ఊరికి ఉరుకులు పరుగుల మీద చేరడం తప్పు. మరో సంగతి చాలామంది మరిచిపోతారు. పరదేశంలో పుట్టిన బిడ్డకు భారత పౌరసత్వం కావాలనుకుంటే, వేరే దేశం పాస్‌పోర్టు తీసుకోకుండా, ఏడాది లోపు మన కాన్సులేట్‌లో నమోదు చేయించాలి.

అపోహ: గొప్ప దేశం, గొప్ప ఆస్పత్రులు, బీమా ఉంది కాబట్టి దిగులు లేదు

వాస్తవం: 2018–20 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 45 మంది తల్లులు చనిపోయారు. అమెరికాలో 2023లో ఆ సంఖ్య 18.6. మన కంటే మెరుగే, కానీ సంపన్న దేశాల్లో అమెరికాది అట్టడుగు స్థానం. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ 2017–19 మరణాలను పరిశీలించి, ప్రతి అయిదింటిలో నాలుగుకు పైగా నివారించదగినవేనని తేల్చింది. సగానికి పైగా మరణాలు కాన్పయిన వారం తర్వాత, ఏడాది లోపు జరిగాయి. అంటే ఆస్పత్రి ఎంత గొప్పదైనా, ఇంటికొచ్చాక చూసుకునే మనిషి లేకపోతే లోటు అక్కడే పడుతోంది. బీమా విషయానికొస్తే, గర్భం ముందే ఉందన్న సాకుతో అక్కడి సాధారణ ఆరోగ్య బీమాను నిరాకరించడానికి 2014 నుంచి వీల్లేదు. సందర్శకుల కోసం అమ్మే పాలసీలు మాత్రం మామూలుగా కాన్పు ఖర్చు భరించవు. రెండింటికీ తేడా తెలియక మునిగిపోయే అవకాశం ఉంది. భర్త కంపెనీ బీమాలో భార్య పేరు ఏ తేదీ నుంచి అమల్లోకి వస్తుంది, ముందుగా చేతి నుంచి ఎంత పెట్టుకోవాలి, ఏ ఆస్పత్రులు ఆ పాలసీ పరిధిలో ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలకు టికెట్ కొనకముందే జవాబు రాబట్టాలి. బిడ్డ పుట్టాక 30 రోజుల్లోపు ఆ పేరూ కంపెనీ బీమాలో చేర్పించాలి. బ్రిటన్ దారి వేరు. వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్ల ఆరోగ్య రుసుము కట్టినవారికి కాన్పు సేవలకు విడిగా బిల్లు ఉండదు. చదువుకోవడానికి వెళ్ళేవారికి ఆ రుసుము ఇంకా తక్కువ.

అపోహ: అక్కడ పెద్ద డాక్టరు చూడరు, నొప్పులు పడమని వదిలేస్తారు

వాస్తవం: బ్రిటన్‌లో చిక్కులు లేని గర్భాన్ని మొదటి నుంచీ చూసేదీ, కాన్పు చేసేదీ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్. కాన్పయ్యాక ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనూ చూసి వెళ్ళేదీ ఆమే. అవసరమైతే డాక్టరు రంగంలోకి దిగుతారు. మనవాళ్ళు దీన్ని నిర్లక్ష్యం అనుకోవడానికి కారణం మన దగ్గర ఆపరేషన్ మామూలైపోవడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో సిజేరియన్లు దేశమంతటా 21.5 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. అమెరికాలో దాదాపు 32 శాతం. కోత తల్లిని, బిడ్డను కాపాడే సందర్భాలు ఎన్నో ఉన్నాయి, ఆ మాట ఎవరూ కాదనరు. కానీ తెలంగాణలో ప్రతి పదిమందిలో ఆరుగురికి అది తప్పనిసరి అయిందంటే నమ్మడం కష్టం. ఆ రాష్ట్ర ప్రభుత్వమే 2017లో హైదరాబాద్‌కు చెందిన ఫెర్నాండెజ్ సంస్థ సాయంతో మిడ్‌వైఫ్‌లకు శిక్షణ మొదలుపెట్టింది. ముహూర్తం చూసి కోయించుకోవడం అలవాటైన కుటుంబాలు పరదేశం వెళ్ళి అదే అడిగి, కాదంటే నొచ్చుకుంటాయి. ఆ నొచ్చుకోవడంలో పోయే కాలాన్ని కాన్పు తరగతులకు వెళ్ళడానికి వాడితే తల్లికి ధైర్యం వస్తుంది.

అపోహ: మన మందులు, మన పథ్యం సహజమైనవి, వాటితో కీడు జరగదు

వాస్తవం: వెల్లుల్లి కారం, మిరియాల చారు, మెంతికూర పప్పు నిశ్చింతగా తినవచ్చు. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు తగ్గించడం, పప్పులు, పండ్లు, కూరలు మాన్పించడం మాత్రం పాలిచ్చే ఒంటికి ద్రోహమే. సంచిలో మూటకట్టే మందుల సంగతి ఇంకా తీవ్రమైనది. 2011–12లో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా కనబడింది. మూలం వెతికితే వాళ్ళు వాడిన, భారతదేశంలో తయారైన ఆయుర్వేద మందులని తేలింది. సీసం మాయను దాటి బిడ్డ మెదడును చేరుతుంది. కొన్ని కాటుకల్లోనూ సీసం ఉంటుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పదేపదే హెచ్చరిస్తోంది. తరతరాలుగా వాడుతున్నాం కదా, ఎవరికేమైందన్నది న్యాయంగానే కనిపించే ఆక్షేపణ. కానీ సీసం చేసే హాని కంటికి కనబడేది కాదు. ఇంట్లో అమ్మమ్మ నూరిన శొంఠికీ, ఏం కలిపారో తెలియని సీసా మందుకూ పోలిక లేదు. తీసుకెళ్ళే ప్రతి మందూ అక్కడి డాక్టరుకు చూపించడమే క్షేమం.

అపోహ: అమ్మ వెళ్తే చాలు, బాలింతకు దిగులు ఎందుకు?

వాస్తవం: ఇంతకుముందు చెప్పిన అమెరికా పరిశీలనలోనే తల్లుల మరణాలకు మొదటి కారణం మానసిక అనారోగ్యమని తేలింది. కొత్త దేశం, చలి, ఉద్యోగం చేయడానికి వీల్లేని వీసా, పొద్దున వెళ్ళి రాత్రి వచ్చే భర్త, నిద్రలేని రాత్రులు, ఇవన్నీ ఒకే మనిషి మీద పడతాయి. అమ్మ రావడం పెద్ద అండే. కానీ ఆమె ఉండేది వీసా ఇచ్చిన కొన్ని నెలలే. ఆమెకూ భాష కొత్త, ఆమెకూ విడిగా బీమా కావాలి. కాబట్టి ఆసరాను ఒక్క అమ్మ మీదే మోపకూడదు. భర్త తన సెలవు హక్కు ముందే తెలుసుకోవాలి. దగ్గర్లోని తెలుగు కుటుంబం ఒకటి, పిల్లల డాక్టరు ఒకరు ఏడో నెలకే తెలిసి ఉండాలి. రెండు వారాలు దాటినా ఏడుపు, నిరాశ తగ్గకపోతే అది బలహీనత కాదు, చికిత్సకు లొంగే జబ్బు. అమెరికాలో 2022 నుంచి తల్లుల కోసం ఒక జాతీయ సహాయవాణి పగలూ రాత్రీ పనిచేస్తోంది. దాని నంబరు 1-833-852-6262. ఫోన్ చేసినవారికి దుబాసీలనూ ఏర్పాటు చేస్తారు.

అయితే ఇన్ని తంటాలు ఎందుకు, కాన్పుకు ఇంటికే వచ్చేయకూడదా అనేవారికి జవాబు: రావచ్చు. అది పిరికితనం కాదు, ఒక్కోసారి అదే తెలివైన పని. కానీ అదీ ఏర్పాటుతోనే సాగాలి. నెలలు నిండకముందే రావాలి, పసిబిడ్డ పాస్‌పోర్టుకు, వీసాకు పట్టే కాలం లెక్కలో ఉండాలి, అక్కడి డాక్టరు రాసిన కాగితాలు వెంట రావాలి. ముందస్తు ఏర్పాటు లేకపోతే ఇక్కడైనా ముప్పే: గొలుగొండ దాటి ఏజెన్సీ కొండలెక్కితే రోడ్డు లేని గూడేల నుంచి గర్భిణులను డోలీల్లో మోసుకొచ్చే దుస్థితి ఇంకా పోలేదు. దానికి విరుగుడుగా నెలలు దగ్గరపడ్డ గర్భిణులను ముందే ఆస్పత్రి దగ్గరికి చేర్చే వసతి గృహాలు సాలూరు లాంటి చోట్ల పెట్టారు. గూడెం గర్భిణికైనా, డాలస్ వెళ్ళే అమ్మాయికైనా వర్తించే సూత్రం ఒక్కటే: నొప్పులు మొదలవక ముందే ఆసరా సిద్ధంగా ఉండాలి. కాబట్టి పెద్దలు ప్రయాణానికి మంచిరోజుతో పాటు బీమా తేదీనీ అడగాలి. ఇక్కడ చూస్తున్న డాక్టర్లు గర్భం వివరాలన్నీ ఒక పేజీలో ఇంగ్లిష్‌లో రాసి సంతకం పెట్టి ఇవ్వడం అలవాటు చేసుకోవాలి. అది రాయడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పేజీ అక్కడి డాక్టరు చేతిలో ఉంటే కొత్త ఊళ్ళో మొదటి రోజు నుంచే వైద్యం సరైన దారిలో మొదలవుతుంది.